ఇల్లు అమ్మి చూడు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అను సామెత మనకందరికీ తెలిసినదే. వీని సరసన "ఇల్లు అమ్మి చూడు" అను మూడవ మాటను కూడ చేర్చవలసిన కాలము వచ్చినదని మాకు తోచుచున్నది. కట్టుటలో ధనము ఖర్చగును. పెళ్ళిలో ధనముతోపాటు ఓపిక ఖర్చగును. అమ్మకములోనో మనిషి మాటయే పరీక్షకు నిలుచును. ఇంటిని అలంకరించుటకును, ఇంటిలోని లోపమును దాచుటకును నడుమ నున్న గీతను గుర్తించుటే ఆ పరీక్ష.

విద్యార్థుల వార్షిక సంచికలో గృహాలంకరణ గురించి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. అయితే మనలో పెక్కుమందిమి తాతల నాటి పాత ఇండ్లలోనో, అద్దె గదులలోనో పెరిగినవారము. పంపకములు, అప్పులు, పెండ్లిండ్లు వచ్చినపుడు ఇల్లు అమ్మకమునకు వచ్చుట మన కన్నుల యెదుట జరుగుచున్నదే. అట్టి సమయమున పెద్దలు మొదట సలహా అడుగునది చదువుకొన్న పిల్లలను. ఆ సలహా ఎట్టిదై యుండవలెనో ముందుగా ఆలోచించుకొనుట మన ధర్మము.

అమ్మబోవు ఇంటిని నాటకరంగమువలె సిద్ధము చేయు పద్ధతి అమెరికాలో ఒక వృత్తిగా స్థిరపడినది. దానిని వారు హోమ్ స్టేజింగ్ అందురు. 1970 తరువాతి దశకములో వాషింగ్టన్ రాష్ట్రమునకు చెందిన బార్బ్ ష్వార్జ్ అను ఆమె దీనికి ప్రచారము తెచ్చినది. సామాను తగ్గించుట, వెలుతురు పెంచుట, ప్రతి గదికి ఒక ప్రయోజనము కనిపించునట్లు అమర్చుట దీని ముఖ్య సూత్రములు. ఇందులో తప్పు పట్టవలసినది ఏమియు లేదు. ఇంటికి అతిథి వచ్చునన్నపుడు మనము చేయు పనియే ఇది. కొనువాడు కూడ ఒక విధముగా అతిథియే. అయితే రంగమున్న చోట తెర కూడ ఉండును. ఆ తెర వెనుక ఏమి పెట్టుచున్నామన్నదే మా ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు పుస్తకములలో పుట్టలేదు. పాతబస్తీలో మా మిత్రబృందము నివసించు వీధిలో గత సంవత్సరము ఒక పాత ఇల్లు అమ్మకమునకు వచ్చినది. ముందు దాలాను, నడుమ సహను, సహనులో ఒక వేపచెట్టు, వెనుక మూడు గదులు గల ఇల్లది. ఇంటి పెద్దావిడ గతించినది. ఆమె వైద్యమునకు చేసిన అప్పు మిగిలినది. నలుగురు సంతానము కలిసి ఇల్లు అమ్మి, అప్పు తీర్చి, మిగిలినది పంచుకొన నిశ్చయించుకొన్నారు. వెనుక గదిలో ఒక గోడకు మోకాలి ఎత్తు వరకు చెమ్మ ఎక్కి, పెచ్చులూడి, ఉప్పు తెల్లగా పొంగియున్నది. దలాలు వచ్చి చూచి, "దానికేమి బాబూ, ఒక ప్లైవుడ్ పలక కొట్టించి, పైన మంచి రంగు వేయించండి. రిజిస్ట్రేషను అయినాక ఎవరు చూడవచ్చారు?" అన్నాడు. ఇంటి కుమారుడు మా దగ్గరకు వచ్చి, "తమ్ముళ్ళూ, ఇల్లు సర్దుటకు కొంచెము సాయము చేస్తారా?" అని అడిగినాడు. మేము ఐదుగురము నాలుగు ఆదివారములు ఆ ఇంట పని చేసితిమి. అక్కడ మేము నేర్చుకొన్నది ఇక్కడ చెప్పుచున్నాము.

మొదటి పాఠము తీసివేయుట. మనము అలంకరణ అనగానే కొనుట అనుకొందుము. ఆ ఇంటిలో మేము కొన్నది చాల తక్కువ. విరిగిన మంచములు, ఖాళీ డబ్బాలు, అటక మీది పాత పరుపులు, కిటికీకి అడ్డముగా నున్న బీరువా తీసివేసిన తరువాత ఆ గదులు ఇంత పెద్దవా అని ఇంటివారే ఆశ్చర్యపోయినారు. బీరువాను పక్క గోడకు జరిపినంతనే ఉత్తరపు కిటికీ వెలుగు గది నిండ పరచుకొన్నది. ఎదురెదురు గోడలలో రెండు ద్వారములు తెరచియుండిన గాలి లోనికి వచ్చి వెడలిపోవును. వేడిగాలి పైకి పోవును గనుక పై గవాక్షములు మూసిన ఇల్లు ఆవిరి పట్టినట్లుండును. మన పూర్వులు ఈ సంగతి ఎరిగియే గవాక్షములు పెట్టినారు. మనము వానిని అట్టముక్కలతో మూసితిమి.

రెండవ పాఠము సున్నము. చార్మినారు 1591లో రాతితోను, సున్నపు గచ్చుతోను కట్టబడినది. ఆ సున్నమే ఈనాటికిని పేదవాని రంగు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చిన అందులోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి కాల్చిన సున్నము మిగులును. దానిని నీటిలో విరియించి గోడకు పూసిన, అది గాలిలోని అదే వాయువును మరల గ్రహించి క్రమముగా రాయి వలె గట్టిపడును. సున్నమునకు గల క్షారగుణముచేత బూజు త్వరగా పట్టదు. సున్నమును నీటిలో వేయవలెనే గాని సున్నము మీద నీరు పోయరాదు. అది భగ్గున పొంగి కన్నులకును, చర్మమునకును హాని చేయును. రాత్రి నానబెట్టి, గుడ్డతో వడగట్టి, కొంచెము జిగురు కలిపి, గోడను ముందుగా తడిపి, పలుచగా రెండు మూడు పూతలు వేయవలెను. చిక్కగా ఒకే పూత వేసిన పొట్టు లేచును. ఇది మాకు మొదటి ఆదివారము అనుభవమైనది. రెండవ ఆదివారము అంతయు గీకి మరల వేసితిమి.

మూడవ పాఠము చిన్న మరమ్మతులు. కారు కుళాయికి ఒక వాషరు, కిర్రుమను తలుపు బందులకు రెండు చుక్కల నూనె, పగిలిన అద్దమునకు కొత్త అద్దము. ఇవి పెద్ద ఖర్చులు కావు. కాని చూడవచ్చినవాని మనస్సు వీనిమీదనే నిలుచును. ఎందుకనగా, చిన్నదానిని పట్టించుకొననివాడు పెద్దదానిని పట్టించుకొనియుండడని అతడు తలచును. ఆ తలంపు న్యాయమైనదే.

నాలుగవది తుట్టతుదిని చేయవలసిన అలంకరణ. దాలానులో ఒక వరంగల్లు జంపఖానా, తలుపునకు ఉతికిన నూలు పరదా, పడమటి ఎండకు మన ఇండ్లలో చిల్మను అని పిలుచు వెదురు పుల్లల తెర, గోడగూటిలో ఒక మంచినీటి కూజా. ఇవన్నియు ఆ ఇంటిలోనివే. పెట్టె అడుగున మడతపెట్టియున్నవి. కుటుంబపు ఛాయాచిత్రములన్నిటిని తీసివేయవలెనని విదేశీ సలహాదారులు చెప్పుదురు. గోడ నిండిన చిత్రములను తగ్గించితిమి గాని, పెద్దావిడ చిత్రమును మాత్రము తీయలేదు. ఇంటిలో మనుష్యులు నివసించిరని తెలిసినంత మాత్రమున ఇంటి విలువ తగ్గదని మా అభిప్రాయము.

ఇక మిగిలినది ఆ చెమ్మ గోడ. దానిని దాచుటయా, చూపుటయా? మా బృందములోనే అభిప్రాయభేదము వచ్చినది. "అందరూ చేయునదే కదా, కొనువాడు కన్నులు తెరచి చూచుకొనవలెను" అని మాలో ఇద్దరు వాదించినారు. ఆ వాదములో కొంత బలము లేకపోలేదు. నెలనెలా వడ్డీ పెరుగుచున్న కుటుంబమునకు నీతిబోధ చేయుట సులభము. ఆ వడ్డీ కట్టునది మనము కాము గదా. అందుచేత తొందరపడి తీర్పు చెప్పక, ముందుగా మేస్త్రీని పిలిచి కారణము విచారించితిమి. గోడ వెలుపల స్నానాల గది మోరీ పగిలి నీరు పునాదిలోనికి దిగుచున్నది. మోరీ బాగుచేసి, గోడను మోకాలి ఎత్తువరకు గీకి మరల సున్నపు గచ్చు చేయుటకు ఆయన వేసిన లెక్క 40 వేల రూపాయలు. ప్లైవుడ్ కొట్టినను, నూనె రంగు వేసినను చెమ్మ ఆరదు. వెలికి దారి లేక పైపైకి ఎగబ్రాకును. దాచిన లోపము ఉన్నచోటనే ఉండక పెరుగునన్నమాట.

చట్టము కూడ ఈ విషయమున మౌనముగా లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 55వ సెక్షను ప్రకారము, తనకు తెలిసియుండి, కొనువానికి తెలియనట్టిదియు, సామాన్యమైన జాగ్రత్తతో చూచినను అతనికి కనబడనట్టిదియు అగు ముఖ్యమైన లోపమును అమ్మువాడు వెల్లడింపవలెను. వెల్లడింపకుండుట మోసమని ఆ సెక్షనే చెప్పుచున్నది. బయటికి కనిపించు చెమ్మను కొనువాడు తానే చూచుకొనవచ్చును. దానిపై పలక కొట్టిన క్షణమున అది చూచినను కనబడని లోపముగా మారును. అనగా అంతవరకు గోడకు పట్టిన చెమ్మ అప్పటినుండి అమ్మువాని మాటకు పట్టును.

ఈ సంగతులన్నియు ఇంటివారికి చెప్పితిమి. కుమారుడు చాలసేపు మాటాడలేదు. పెద్ద ఆపా మాత్రము, "అమ్మీ బ్రతికియుండగా ఈ ఇంటినుండి ఎవరికీ అబద్ధము చెప్పి పంపలేదు. ఇల్లే పోవునప్పుడు చెప్పుదుమా?" అన్నది. ఆ గోడను ఉన్నదున్నట్లుగానే ఉంచి, మేస్త్రీ వేసిన లెక్క కాగితమును చూడవచ్చినవారికి చూపిరి.

ఇందువలన అద్భుతమేమియు జరుగలేదని నిజము చెప్పవలెను. మొదట వచ్చినవారు గోడ చూచి తిరిగి రాలేదు. రెండు నెలలు గడచినవి. ఆ రెండు నెలల వడ్డీ కూడ కట్టవలసి వచ్చినది. పిమ్మట వచ్చిన ఒక చిరుద్యోగి కుటుంబము లెక్క కాగితము చదివి, ధరలో 60 వేలు తగ్గింపు అడిగి కొన్నది. అప్పు తీరినది, పంచుకొనుటకు మిగిలినది అనుకొన్నదానికంటె తక్కువ. అయినను ఆ నలుగురు ఈనాడును ఆ వీధిలో తల యెత్తుకొని నడచుచున్నారు. కొన్నవారు మోరీ బాగుచేయించుకొని, రంజాను నెలలో పాత యజమానులను ఇఫ్తారుకు పిలిచినారు. దాచిపెట్టి అమ్మియుండిన ఆ పిలుపు వచ్చెడిదా?

లారీ బేకర్ అను వాస్తుశిల్పి ఇంగ్లండులో పుట్టి, మన దేశమునకు వచ్చి, కేరళలో స్థిరపడి, 2007లో మరణించువరకు సామాన్యులకు తక్కువ ఖర్చుతో ఇండ్లు కట్టుచు వచ్చినాడు. ఆయన పెక్కు ఇండ్లలో ఇటుక గోడకు పైపూత లేదు. ఇటుకల నడుమ ఖాళీలు విడిచి కట్టిన జాలీ గోడలే గాలికి, వెలుతురుకు, అందమునకు కూడ పనికివచ్చినవి. గోడ ఉన్నది ఉన్నట్లుగా కనిపించినను అందముగా ఉండవచ్చునని ఆయన చేసి చూపినాడు. అందమునకు ముసుగు తప్పనిసరి కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

మరియొక మాట. సర్దుట పూర్తియైన నాటి సాయంకాలము దాలానులో కూర్చొని పెద్ద ఆపా, "ఈ బీరువాను పదేండ్ల క్రితమే జరిపియుండిన అమ్మీ ఈ వెలుతురులో కూర్చొని చదువుకొనెడిది" అన్నది. మాలో ఎవ్వరికిని బదులు తోచలేదు. కొనువాని కొరకు నాలుగు ఆదివారములలో చేయగలిగిన పనిని, మనతోనే నివసించు తల్లిదండ్రుల కొరకు ఏండ్ల తరబడి చేయకుండుట ఎంతటి విచిత్రము! పరాయివానికి చూపుటకు తెరచిన కిటికీని మనవారి కొరకు ఎందుకు తెరువలేదు?

కావున విద్యార్థి సోదరీ సోదరులకు మా మనవి ఇది. ఈ సెలవులలో మీ ఇంటిలో ఒక్క గదిని ఎన్నుకొనుడు. ఏమియు కొనక, అనవసరమైనది తీసివేసి, కిటికీ తెరచి, గోడకు సున్నము వేయుడు. ఎప్పుడైన ఇల్లు అమ్మవలసి వచ్చిన, అద్దెకు ఇయ్యవలసి వచ్చిన, ఇంటిని శుభ్రముగా చూపుడు, లోపమును కూడ చూపుడు.

కళాశాల పాలక సంఘమువారికి కూడ ఒక విన్నపము. 1969లో ఆరంభమైన జాతీయ సేవా పథకము విద్యార్థులకు సేవ నేర్పుటకే కదా. మన కళాశాల శాఖవారు ప్రతి సంవత్సరము వేసవికి ముందు పరిసరములలోని ఒంటరి వృద్ధుల ఇండ్లకు సున్నము వేయు కార్యక్రమమును చేపట్టవలెను. ఒక మేస్త్రీని పిలిపించి పని నేర్పించవలెను. కామర్సు అధ్యాపకులు విక్రయ దస్తావేజు, భారములేమియున్నవో తెలుపు ఈసీ మొదలగువానిని ఒక దినము ఉర్దూ, తెలుగు భాషలు రెండింటను విప్పి చెప్పవలెను. ఖర్చు స్వల్పము, ప్రయోజనము ప్రతి గడపకును చేరును. మన పఠనమందిరములో తూర్పు కిటికీకి అడ్డముగా నిలిచిన బీరువాను జరుపుటతో ఈ పని ప్రారంభింపవచ్చునని సవినయముగా మనవి చేయుచున్నాము.