సహజమంటే నేర్పనక్కరలేదనా?



“కాళ్ళున్నవాడికి పరుగు రాదా? దానికి కూడా పాఠం కావాలా?” మన బడులలో ఆటల గంటను మింగివేసిన మహావాక్యం ఇది. సిలబసు పూర్తికాలేదనగానే లెక్కల మాష్టారి చేయి మొదట చాచేది ఆ గంట మీదికే. పరుగు సహజమట, దానంతట అదే వస్తుందట! ఈ వాదం శుద్ధ తప్పని నా మనవి.

సహజమనగా పుట్టుకతో కూడ వచ్చినది. మాట్లాడే శక్తీ అటువంటిదే గదా! అంతమాత్రాన ఉచ్చారణ దిద్దవద్దని, వ్యాకరణం చెప్పవద్దని ఎవరైనా అంటారా? శక్తి సహజం, సౌష్ఠవం అభ్యాసం. ఈ రెంటినీ కలగాపులగం చేయడమే అసలు దోషం.

మానవదేహం దూరపు పరుగుకు అనువుగా రూపొందినదని బ్రాంబుల్, లీబర్‌మన్ అనే శాస్త్రజ్ఞులు 2004లో ప్రతిపాదించారు. పిక్కను మడమతో కలిపే పొడవైన స్నాయువు, పొట్టి కాలివ్రేళ్ళు, బలమైన పిరుదుల కండరాలు, ఒళ్ళంతా చెమటపట్టే గుణం వారు చూపిన సాక్ష్యాలు. బాగున్నది. కాని ఆ దేహాన్ని పదేళ్ళు బల్లమీద కూర్చోబెట్టి, ఆపైన “పరుగెత్తు” అంటే ఏమవుతుంది? ప్రకృతి కాస్తా వికృతి అవుతుంది.

దీనికి విరుగుడంటూ మరొక వర్గం బయలుదేరింది. “బూట్లు విడిచేయండి, అంతా సర్దుకుంటుంది” అని వారి ఉపదేశం. అలవాటుగా వట్టికాళ్ళతో పరుగెత్తేవారు తరచు ముంగాలు మోపుతారనీ, అందువల్ల నేల తాకినప్పుడు తగిలే దెబ్బ తగ్గుతుందనీ 2010లో లీబర్‌మన్ బృందం చూపిన మాట నిజమే. కాని 2013లో ఉత్తర కెన్యాలోని దాసనచ్ ప్రజలను పరిశీలిస్తే, వట్టికాళ్ళవారే అయినా తమకు హాయియైన వేగంలో ఎక్కువమంది మడమనే ముందు మోపారు. మరి ఏది సహజం? వేగాన్ని బట్టి, నేలను బట్టి, అలవాటును బట్టి మారేదానిని ఒక్క సూత్రంలో బిగించడం పాండిత్యం కాదు, వ్యాపారం. అయిదు వ్రేళ్ళ బూట్లు అమ్మిన వైబ్రమ్ కంపెనీ, వాటి ప్రయోజనాలపై చేసిన ప్రచారం గురించి వచ్చిన వ్యాజ్యాన్ని 2014లో తప్పు ఒప్పుకోకుండానే 37.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకున్నది.

వీరందరూ అబెబె బికిలా పేరు జపిస్తారు. ఆయన 1960లో రోములో వట్టికాళ్ళతో మారథాన్ గెలిచాడు. 1964లో టోక్యోలో బూట్లు తొడుక్కుని, అంతకంటె తక్కువ సమయంలో మళ్ళీ గెలిచాడు. అంటే విద్య కాళ్ళలో ఉన్నది గాని అట్టలో లేదు. పైగా ఆయనకు నిస్కానెన్ అనే స్వీడన్ దేశపు గురువు ఉన్నాడు. వట్టికాళ్ళ వీరుడికే గురువు కావలసివస్తే మన పిల్లలకు అక్కరలేదా?

నేర్పవలసినది కొండంత ఏమీ కాదు. అడుగు చిన్నది, చురుకైనది కావాలి. పాదం శరీరానికి మరీ ముందుకు పోక, తుంటి క్రిందికి దగ్గరగా పడాలి. మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. వాలు చీలమండ నుండి రావాలి, నడుము విరగకూడదు. చేతులు రొమ్ముకు అడ్డంగా ఊగరాదు. వేగం మార్చకుండా అడుగుల సంఖ్యను 5 నుండి 10 శాతం పెంచితే మోకాలిపై భారం తగ్గుతుందని 2011లో ఒక పరిశోధన తేల్చింది. వట్టికాళ్ళ అభ్యాసమైతే మెత్తని మట్టిలో కొద్ది నిమిషాలతో మొదలై నెలల తరబడి పెరగాలి. ఇవి పది గంటల పాఠం, పిదప నిత్యాభ్యాసం.

ఆ పది గంటలు ఇవ్వని ఫలితమేమిటి? కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు పరీక్ష ఉన్నది. ప్రకటన వెలువడ్డాక బీదింటి కుర్రవాళ్ళు తెల్లవారుజామున తారురోడ్డు మీద, దిద్దేవాడు లేక, మోకాళ్ళు పాడుచేసుకుంటూ ఆ విద్యను మొదలుపెడతారు. కలిగినవాడు నలభయ్యవ ఏట డబ్బిచ్చి “సహజమైన పరుగు” కొనుక్కుంటాడు. బడి ఇద్దరికీ ద్రోహం చేసింది. అయితే మొదటివాడు పోగొట్టుకునేది బ్రతుకుతెరువు.

ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెబుతున్నది. స్థలం చూపితే చాలదు, గంట కూడా ఇవ్వాలి, దిద్దే గురువునూ ఇవ్వాలి. అక్షరం దిద్దించడం బడి ధర్మమైతే అడుగు దిద్దించడమూ బడి ధర్మమే. కాదనేవారుంటే కారణం చెప్పవలసిందిగా కోరుతున్నాను.