స్వర్గంలో దుర్యోధనుడు

దైవన్యాయమూ దైవకరుణా ఒకదానికొకటి అడ్డుపడినట్లు కనిపించే ఘట్టాలను పవిత్రగ్రంథాలలో చూసీచూడనట్లు దాటవేయడం ప్రవచనకారులకు అలవాటుగా మారింది గాని, తెలుగువారి చేతిలో ఉన్న కావ్యాలలో ఆ చిక్కును ఏ దాపరికమూ లేకుండా పాఠకుని ముందు పెట్టినది మహాభారతంలో చిట్టచివరిదైన స్వర్గారోహణ పర్వం. దానిని తెనిగించినవాడు పదమూడవ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉంటూ, విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలను పూర్తిచేసి హరిహరనాథునికి అంకితమిచ్చిన తిక్కన కాబట్టి, ఈ చర్చను నెల్లూరు సీమవారు తమ ఇంటి చర్చగానే భావించవచ్చు.

బొందితో స్వర్గానికి చేరిన ధర్మరాజుకు మొదట కంటబడినవాడు సకల వైభవంతో ఆసనం మీద వెలిగిపోతున్న దుర్యోధనుడు. యుద్ధంలో వెన్ను చూపక ప్రాణమిచ్చిన క్షత్రియునికి వీరస్వర్గం దక్కుతుందని నారదుడు సర్దిచెప్పినా వినక, తనవాళ్లెక్కడో చూపమని ఆయన పట్టుబడితే, దేవదూత తీసుకువెళ్లిన దారి చీకటితోనూ నెత్తురు బురదతోనూ ముసిరే ఈగలతోనూ నిండి ఉంది. ఒకవైపు సలసల కాగే వైతరణి, మరొకవైపు ఆకులే కత్తులైన అసిపత్రవనం. ఆ దుర్గంధం భరించలేక వెనుదిరగబోయే సమయానికి, నీ మేని గాలి సోకి మా బాధ తగ్గింది, కాసేపు నిలవమంటూ చీకట్లోంచి గొంతులు వేడుకున్నాయి. మీరెవరని అడిగితే కర్ణుడనీ భీముడనీ అర్జునుడనీ ద్రౌపదనీ ఒక్కొక్కరే పేరు చెప్పుకున్నారు. అప్పుడు ధర్మరాజు దేవతలను, సాక్షాత్తు ధర్మాన్నే నిందించి, తాను ఇక్కడే ఉండిపోతానని చెప్పి దూతను తిప్పి పంపాడు.

ఇంద్రుడు వచ్చి చెప్పిన సమాధానం లెక్కప్రకారం సరిగానే ఉంది. పాపం ఎక్కువై పుణ్యం కొద్దిగా ఉన్నవాడు ముందు స్వర్గాన్నీ, పుణ్యం ఎక్కువై పాపం కొద్దిగా ఉన్నవాడు ముందు నరకాన్నీ అనుభవిస్తారనీ, ద్రోణుని విషయంలో ఆడిన కపటానికి ఫలంగా ధర్మరాజుకు నరకదర్శనం తప్పలేదనీ ఆయన వివరించాడు. కర్మఫలసిద్ధాంతం, అంటే ఎవరు చేసినది వారే అనుభవించాలన్న నియమం, దీనితో నిలబడుతుంది. వ్యాఖ్యాతలు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. కాని అంతకు ముందున్న మహాప్రస్థానిక పర్వాన్ని దీని పక్కన పెట్టి చదవకపోతే అసలు సంగతి చేజారిపోతుంది.

హిమాలయాల దారిలో ద్రౌపది పడిపోయినప్పుడు, అర్జునుని మీద ఉన్న పక్షపాతమే ఆమె దోషమని తీర్పు చెప్పినవాడు ధర్మరాజే. సహదేవునికి తెలివి గర్వమనీ, నకులునికి అందం గర్వమనీ, భీమునికి తిండి మీద ధ్యాస అనీ ఒక్కొక్కరి పతనానికీ కారణం చెప్పి, తిరిగి చూడకుండా నడిచిపోయినవాడూ ఆయనే. నిండు సభకు ఈడ్చుకురాబడిన స్త్రీ తన భర్తలలో ఒకరిని కొంచెం ఎక్కువగా ప్రేమించడం పతనానికి తగిన పాపమా అని ఆ దారిలో ఆయనకు తోచలేదు. అదే లెక్క అమలైన చోట, అదే ద్రౌపది గొంతు చెవిన పడినప్పుడు, తాను చెప్పిన తీర్పును తానే అంగీకరించలేకపోయాడు. దూరం నుంచి న్యాయంగా కనిపించినది దగ్గరకు వచ్చేసరికి అన్యాయమైంది. ఆ మార్పును దాచకుండా ఉంచినందుకే ఈ పర్వం గొప్పది.

ఇంతకన్నా సాహసమైన ఘట్టం ఆదిపర్వంలో ఉంది. చేయని దొంగతనానికి శూలానికెక్కిన మాండవ్య మహర్షి, తన తప్పేమిటని యముణ్ణే నిలదీసి, చిన్నతనంలో పురుగులను పుల్లతో గుచ్చినందుకు ఫలమిదని విని, అంత చిన్న తప్పుకు ఇంత శిక్షా అని యముణ్ణి విదురునిగా పుట్టేటట్లు శపించి, 14 ఏళ్లలోపు పిల్లలు చేసినది పాపం కాదని కట్టడి చేశాడు. దైవన్యాయాన్ని ఒక మనిషి సవరించాడనీ, ఆ సవరణ చెల్లిందనీ గ్రంథమే చెబుతోంది.

ఈ తర్జనభర్జన ఒక మతానికే పరిమితం కాదు. 1840లో నెల్లూరులో అడుగుపెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీల వెంట వచ్చిన బైబిల్లో, నీతిమంతులను దుష్టులతో కలిపి నాశనం చేస్తావా అని అబ్రాహాము సొదొమ పట్టణం కోసం దేవునితో వాదిస్తాడు. మత్తయి సువార్తలోని ద్రాక్షతోట యజమాని పొద్దున వచ్చిన కూలీకీ పొద్దుగూకే వేళ వచ్చిన కూలీకీ ఒకే కూలి ఇస్తాడు. కూలి చేసి బతికే ఊళ్లలో ఆ కథను విన్నవారికి, రోజంతా ఎండలో వంగి పనిచేసినవారి సణుగుడు కూడా న్యాయమైనదేనని ఒకరు చెప్పనక్కర్లేదు. ఆత్మకూరుకు దగ్గరలోని అనుమసముద్రంపేట దర్గాకు మొక్కుకోవడానికి హిందువులూ ముస్లింలూ కలిసి వెళ్లడంలోనూ, లెక్కను మించిన కరుణ ఎక్కడో ఉందన్న ఆశే కనిపిస్తుంది.

దుత్తలూరు, ఉదయగిరి ప్రాంతాల వంటి మెట్టసీమలో ఇది పండితుల కాలక్షేపం కాదు. వాన మొహం చాటేసిన ఏడు పైరు ఎండిపోయినప్పుడు, ఫ్లోరైడ్ నీటితో ఎదిగే పిల్లల పళ్లు గారపట్టినప్పుడు, పూర్వజన్మ పాపమన్న మాట ఎంత తేలికగా నోట వస్తుందో అందరికీ తెలిసినదే. మాండవ్యుని కట్టడి విన్న జాతి ఆ మాట పిల్లల విషయంలో అనకూడదు. ఆ మాట బావిలోని నీటిని పరీక్షించాల్సిన పనిని వాయిదా వేస్తుంది, అధికారిని అడగాల్సిన ప్రశ్నను దేవుని ఖాతాలో వేస్తుంది. కర్మసిద్ధాంతం తన నడవడిని తాను సరిచూసుకోవడానికి పనికివచ్చే సిద్ధాంతమే. ఎదుటివాని కష్టానికి కారణం చెప్పడానికి వాడినప్పుడు మాత్రం అది క్రూరత్వం అవుతుంది.

భారతం చెప్పే పౌరాణికులకూ, వాక్యం బోధించే పాస్టర్లకూ ఈ పత్రిక చేసే విన్నపం ఒక్కటే: ఇంద్రుని సమాధానం చెప్పే ముందు ధర్మరాజు నిందను కుదించకుండా, మెత్తబరచకుండా, పూర్తిగా వినిపించండి.