వానపాము మందు – పక్షవాతము

కృష్ణా డెల్టా రైతునకు వానపామును గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. అది నేలను గుల్లచేసి పైరునకు బలమొసగును. గాలమునకు ఎరయై చేపను దెచ్చును. ఇప్పుడా ప్రాణి మెదడునకు రక్తప్రసారము తగ్గిన రోగులను గూడ బాగుచేయునని ప్రచారము బయలుదేరినది. ఇందు సత్యమెంత, అతిశయోక్తి యెంత యని విచారించుట మన విధి.

సత్యము లేకపోలేదు. మన రసశాస్త్ర గ్రంథములు వానపామును భూనాగమని పేర్కొనినవి. చీనా వైద్యులును దాదాపు ఆ యర్థము గల పేరుతోనే దానిని శతాబ్దులుగా వాడుచున్నారు. 1983వ సంవత్సరమున జపాను దేశపు మియజాకి వైద్య కళాశాలకు చెందిన మిహారా ప్రభృతులు వానపామునుండి గడ్డకట్టిన నెత్తురును కరగించు ఎంజైములు తీయవచ్చునని ప్రకటించిరి. వానికి లుంబ్రోకైనేసు అని పేరు. నెత్తురు గడ్డకట్టునపుడు ఫైబ్రిన్ అను పోగులు వలవలె అల్లుకొనును. ఈ ఎంజైములు ఆ పోగులను త్రెంచును. చీనాలో దీనిని గుళికలుగా చేసి వైద్యులు ఇచ్చుచున్నారు. అమెరికాలోనో, ఇది ఔషధముగా అనుమతి పొందలేదు. ఆహార పూరకముగా మాత్రమే అమ్ముడగుచున్నది. ఒకచో మందు, వేఱొకచో పూరకము: సాక్ష్యము ఇంకను చాలదనుటకు ఈ భేదమే నిదర్శనము.

అసలు భయము వేఱొకటి కలదు. పక్షవాతము రెండు విధములు. మెదడులోని రక్తనాళమునకు గడ్డ అడ్డుపడుట మొదటిది. నాళము చిట్లి నెత్తురు పారుట రెండవది. గడ్డను కరగించు మందు మొదటిదానికి మేలు చేయవచ్చును. రెండవదానికి ప్రాణాంతకము కాగలదు. మూతి వంకరపోయి, చేయి పడిపోయి, మాట తడబడుచున్న రోగిని చూచినంత మాత్రమున ఇది యేదియో ఎంతటి అనుభవశాలియు నిశ్చయింపజాలడు. సీ.టీ. స్కాను తీయవలసినదే. గడ్డయని తేలినచో ఆల్టిప్లేసు వంటి మందును సూదిద్వారా నాలుగున్నర గంటలలో ఎక్కింపవలయును. ఏ గుళికయు దానికి బదులు కానేరదు.

దివిసీమనుండియో, కొల్లేటి లంకలనుండియో విజయవాడ చేరుటకే గంటలు పట్టును. ఆ గంటలలోనే తైలము మర్దించుచు, పసరు పోయించుచు, తెల్లవారనిండని కూర్చుండిన యింట మనుష్యుడు జన్మమంతయు మంచము పట్టును. ఊరి పెద్దలారా! అట్టి తఱి ముందుగా 108కి ఫోను చేయింపుడు. రక్తపుపోటునకు వైద్యుడిచ్చిన మాత్రలను ఈ గుళికల నమ్మి మానకుడు. నెత్తురు పలుచబడుటకు మందు వాడువారు వైద్యుని యడుగక వీనిని ముట్టకుడు.

ప్రభుత్వమునకును బాధ్యత కలదు. డెల్టాలోని పెద్ద ఆసుపత్రులన్నింట స్కాను, సూదిమందు, వానిని నడపగల వైద్యుడు రాత్రింబవళ్లు ఉండవలయును.

మంటినుండి మందు రాదని మేమనము. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వము వహించిన కాలమున, మంటిలోని సూక్ష్మజీవినుండియే ఆరియోమైసిను లభించినది. 1948లో లోకమునకు వెల్లడియైనది. అయితే అది ప్రచారముచే గాక, పరీక్షచే మందైనది. వానపామునకును అట్టి పరీక్షయే కావలయును. విజయవాడలో వైద్య కళాశాల కలదు, ఆరోగ్య విశ్వవిద్యాలయము కలదు. మన నేలలోని ప్రాణిని పరులు పరీక్షించి, గుళికలు చేసి, మనకు అమ్మువరకు వేచియుండుట మనకు గౌరవమా?