వల కోస్తే చిల్లర దొంగతనమా?

దాదాపు 17 టీఎంసీలు పట్టే వెలుగోడు రిజర్వాయర్‌లో పొద్దుగూకే వేళ వల కట్టి, తెల్లారి పుట్టి మీద వెళ్లి తీసే జాలరికి రాత్రంతా ఎదుటివాడి మర్యాదే కాపలా. ఆ వల కోసుకుపోవడాన్ని చిల్లర దొంగతనం అనను. ఆళ్లగడ్డ శిల్పి ఉలి ఎత్తుకుపోతే అలాగే అంటామా? భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం సొత్తు విలువ 5,000 రూపాయల లోపుండి, తొలిసారి దోషిగా తేలినవాడు దాన్ని తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవే. నాకిది నచ్చింది, ఆ సేవేదో చిరిగిన వలలు కుట్టడమైతే ఇంకా నచ్చుతుంది. ఇక ఆదివారం నంద్యాల నుంచి గాలాలతో దిగే సరదారాయుళ్లు (నా స్నేహితులూ ఉన్నారు లెండి) ఒడ్డున కట్టేసిన పుట్టి ఎక్కేముందు, మత్స్యకార సంఘం లీజుకు తీసుకున్న చెరువులో గాలం వేసేముందు, ఒక్క మాట అడిగితే పోయేదేముంది?