ప్రతి జ్వరానికీ సెఫ్ట్రియాక్సోన్ సూదేనా?

సిరుగుప్ప వైపు మిరప చేలకు కూలికి పోయే తల్లికి, బిడ్డ జ్వరం తగ్గేదాకా ఇంట్లో కూర్చునే వీలు లేదు. కూర్చుంటే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే "గట్టి సూది వెయ్యండి సార్" అంటుంది. ఆమెను మేం తప్పుపట్టం. మామూలు జలుబు జ్వరానికి సెఫ్ట్రియాక్సోన్ పొడిచి డబ్బులు తీసుకునేవాళ్ళనే తప్పుపడుతున్నాం. సూది లేనిదే వైద్యం కాదన్న నమ్మకం మన సంఘాల్లోనూ ఉంది. ప్రార్థన చివర ఆమెన్ ఎలాగో, మందుల చీటీ చివర సూది అలాగ!

మందు చెడ్డది కాదు. మెదడు పొరల వాపు, ముదిరిన టైఫాయిడ్, రక్తానికి పాకిన ఇన్ఫెక్షన్ నుంచి పిల్లల్ని కాపాడేది ఇదే. వైరస్ జ్వరానికి మాత్రం ఎందుకూ పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 'వాచ్' వర్గంలో, అంటే ఆచితూచి వాడాల్సిన మందుల్లో చేర్చింది. అనవసరంగా వాడేకొద్దీ దీనికి లొంగని క్రిములు పెరుగుతాయి. పాకిస్తాన్‌లోని సింధ్‌లోనూ ఒక హైదరాబాదు ఉంది. 2016లో అక్కడ మొదలైన టైఫాయిడ్ సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగలేదు. బళ్ళారికీ ఆదోనికీ మధ్య 1953లో గీసిన గీత క్రిములకు అడ్డమా?

పసికందుల సంగతి మరీ భయంకరం. నెల లోపు బిడ్డకు ఈ మందూ, కాల్షియం ఉన్న సెలైనూ ఎక్కిస్తే రెండూ కలిసి గట్టిపడి ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో పేరుకుంటాయి. అలా ప్రాణాలు పోయాయి కూడా. రింగర్ లాక్టేట్‌లో కాల్షియం ఉంటుంది. 2024 నవంబరులో బళ్ళారి ప్రభుత్వ ఆస్పత్రిలో ఆపరేషను కాన్పుల తరువాత బాలింతలు చనిపోయినప్పుడు అనుమానం వచ్చింది ఆ సెలైను మీదే. అక్కడ ప్రశ్న దాని నాణ్యత గురించి, ఈ సూది గురించి కాదు. కానీ పేదల ఒంట్లోకి ఏం ఎక్కుతోందో అడిగే హక్కు రెండుచోట్లా ఒకటే.

చట్టం లేక కాదు. 2014 మార్చి 1 నుంచి సెఫ్ట్రియాక్సోన్ షెడ్యూల్ హెచ్1 మందు. అమ్మిన ప్రతిసారీ డాక్టరు పేరు, రోగి పేరు వేరే రిజిస్టరులో రాసి, మూడేళ్ళు దాచాలి. యువకులారా, మీ వీధి మెడికల్ షాపులో ఆ రిజిస్టరు రాస్తున్నారా?

బిడ్డ పాలు తాగకపోయినా, ఆయాసపడినా, ఫిట్స్ వచ్చినా ఈ చర్చలన్నీ పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆ తల్లికి పోయే కూలిని సంఘం కానుకల నుంచి ఇవ్వలేమా? సమరయుడు గాయాలు కట్టి ఊరుకోలేదు, సత్రం ఖర్చూ పెట్టుకున్నాడు. తాలూకా ఆస్పత్రిలో పిల్లల డాక్టరు సాయంత్రం కూడా ఉండాలని అర్జీ పెడదాం. కూలి జనం ఇళ్ళకు చేరేది పొద్దుగూకాకే గదా.