తడిసిన బండకు నిప్పు మందు కాదు

ఉపాధ్యాయ వృత్తి నుండి విరమించిన తరువాత నా దినచర్యలో మిగిలిన ఏకైక నియమం ఉదయపు నడక. తార్నాకలోని ఇంటి నుండి బయలుదేరి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ప్రవేశించి, ఆర్ట్స్ కళాశాల ఎదుట ఒక క్షణం నిలిచి, తిరిగి రావడం. 1934లో శంకుస్థాపన జరిగి 1939లో ప్రారంభమైన ఆ గులాబివన్నె రాతి భవనాన్ని ఎన్నిమార్లు చూచినా తనివి తీరదు. అయితే ఈ టపా ఆ చెక్కిన రాతిని గూర్చి కాదు. ప్రాంగణంలో ఒక మూల, ఉలి తగలకుండ మిగిలిన ఒక రాతి గుండును గూర్చి. దానికి నా మాట మూలంగా జరిగిన అపకారాన్ని గూర్చి.

ఆ గుండు రెండు నిలువుల ఎత్తు కూడా ఉండదు. సెలవు దినాలలో నలుగురైదుగురు విద్యార్థులు అక్కడికి వచ్చి, క్రింద ఒక మందపాటి పరుపు పరచి, త్రాడు లేకుండ చేతివ్రేళ్ల బలంతో దానిపైకి ప్రాకుతుంటారు. దీనిని బౌల్డరింగు అంటారట. మొదట వారిని చూచినప్పుడు ముప్పది యేండ్ల అలవాటు చొప్పున "దిగండి, దిగండి, కాళ్లు విరుగుతాయి" అని గద్దించాను. వారిలో ఒక అమ్మాయి నవ్వి, "మీరు గూడ ఒకసారి పట్టుకొని చూడండి సార్" అన్నది. పట్టుకొని చూచాను. రాతి అంచున వ్రేళ్లు ఆనిన చోటును వారు ఇంగ్లీషులో 'హోల్డు' అంటుంటే నాకు వెంటనే 'పట్టు' అనే మాట స్ఫురించింది. కుస్తీలో పట్టు, ఉడుముకు పట్టు, మనిషికి మాటపట్టు. ఇంతకన్న చక్కని మాట మరొకటి దొరకదు. ఆనాటి నుండి వారూ పట్టు అనే అంటున్నారు. తెలుగు పండితునిగా నాకు దక్కిన చివరి విజయం ఇదేనేమో!

ఇక జరిగిన సంగతి. వర్షాకాలంలో ఒక ఆదివారం. రాత్రి కురిసిన వాన తెల్లవారేసరికి వెలిసి ఎండ కాసింది. గుండు పైభాగం గంటలో ఆరిపోయింది. కాని వారికి కావలసిన ముఖ్యమైన పట్టు ఒక పగులు క్రింద ఉన్నది. పైనున్న మట్టిలో ఇంకిన నీరు ఆ పగులు వెంట ఊటగా దిగుతూనే ఉన్నది. గుడ్డతో తుడిచిన రెండు నిమిషాలకే మళ్లీ చెమ్మ. ఒక పిల్లవాడు అన్నాడు: "మా అన్న ఫ్రిజ్జులు రిపేరు చేస్తాడు సార్. ఆయన గ్యాసు టార్చి నా సంచిలోనే ఉంది. జర సేపు మంట పెడితే ఆరిపోతది. తప్పా?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తప్పేమున్నది బిడ్డా, రాయికి కాలుతుందా, నొప్పి పుడుతుందా? నీటికి నిప్పే విరుగుడు" అన్నాను. పెద్దవాని మాట కదా, వాడు వెలిగించాడు. అర నిమిషం గడచిందో లేదో, టప్పుమని శబ్దం. వ్రేలి మందాన, అరచేయి వెడల్పున ఒక పెంకు ఊడి పరుపు మీద పడింది. అదృష్టవశాత్తు ఎవరి కంటికీ తగలలేదు. పట్టు మాత్రం పోయింది. ఆ అంచు ఉన్న చోట ఇప్పుడు నున్నని తెల్లని మచ్చ మిగిలింది. పిల్లలు నన్నేమీ అనలేదు. ఆ ఊరకుండడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఇంటికి వచ్చి కూర్చున్న తరువాత గాని నాకు గుర్తు రాలేదు, నేను ఈ విద్య చిన్ననాడే చూచినవాడనని. నల్లగొండ జిల్లాలోని మా ఊరి బయట పరుపుబండ మీద వడ్డెరలు కట్టెలు పేర్చి నిప్పు పెట్టేవారు. నిప్పును మెల్లగా జరుపుతూ పోతుంటే బండ లోపల బోలుచప్పుడు వినబడేది. అప్పుడు గునపాలతో ఎత్తితే చాపలాగా పొర లేచి వచ్చేది. మా ఇంటి గడప ముందరి పలక అట్లా వచ్చినదే. అనగా రాతిని నిప్పుతో చీల్చవచ్చునని మా ఊరిలో బడికి పోనివారికి కూడా తెలుసు. నలభై తరగతులకు పాఠం చెప్పిన నాకు మాత్రం ఆ పూట తెలియలేదు.

కారణం కూడ అంత గహనమైనది కాదు. మన దక్కను బండలలో స్ఫటికం, ఫెల్డుస్పారు, అభ్రకం కలగలిసి ఉంటాయి. వేడికి ఒక్కొక్కటి ఒక్కొక్క కొలతలో వ్యాకోచిస్తుంది. రాయి వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు కనుక పైపొర ఉబ్బుతుంది, లోపలి రాయి చల్లగా ఉండి కదలదు. ఈ రెండింటి నడుమ పెనుగులాట. దానికి తోడు సన్నని పగుళ్లలో చిక్కిన నీరు ఆవిరియై పైకి నెడుతుంది. పొర ఎగిరిపడక ఏమవుతుంది? రాయి తడిగా ఉన్నదని మనం నిప్పు పెడతాము. ఆ తడియే నిప్పుతో చేయి కలిపి రాతిని విరుస్తుంది.

మరి తడిసిన పట్టును ఆరబెట్టడం ఎట్లా? ఆ పిల్లల వద్ద నేర్చుకొన్నదీ, ఇంటి అనుభవంలో తెలిసినదీ కలిపి చెబుతున్నాను. మొట్టమొదట తుడవడం కాదు, అద్దడం. రుద్దితే నీరు రాతి గరుకులోకి ఇంకా పోతుంది, అద్దితే గుడ్డలోకి వస్తుంది. గుడ్డ కొత్తది కాకూడదు. గంజి ఉన్న కొత్త గుడ్డ నీటిని పీల్చదు. పదేండ్లు ఉతికిన నూలు పంచె శ్రేష్ఠం. ఊట దిగే పగులులో ఆ గుడ్డ పేలికను ఒత్తిలాగా దూర్చి, కొసను ప్రక్కకు వ్రేలాడదీస్తే నీరు ఆ ఒత్తి వెంట దారి మళ్లుతుంది. దీపపు ప్రమిదలో నూనె ప్రాకే సూత్రమే ఇది. తరువాత విసనకర్రతో విసరవచ్చు. పాదరక్షల అడుగు తుడుచుకోవాలి. పై నుండి తడి మోసుకొనిపోయేది చాలావరకు కాళ్లే. సుద్దపొడి చిట్టచివర. తడి మీద పొడి చల్లితే ముద్దయై పట్టును పూడ్చివేస్తుంది. ఎక్కుట ముగిసిన తరువాత మెత్తని కుంచెతో ఆ పొడిని దులిపి వేయాలి, ఇనుప తీగల కుంచె తగదు.

సుద్ద అన్నాను గాని, అది నేను జీవితమంతా పట్టిన బడి సుద్ద కాదు. బడి సుద్ద జిప్సముతోనో సున్నపురాతితోనో చేసేది. వీరిది మెగ్నీషియం కార్బొనేటు. చేతి చెమటను పీల్చుకొంటుంది. నా జేబులోని సుద్దముక్కను ప్రేమతో ఇవ్వబోతే ఆ అమ్మాయి మర్యాదగా నిరాకరించి ఈ భేదం వివరించింది. ఆ పూట నేను విద్యార్థిని.

ఇవన్నీ చేసినా ఆరకపోతే? ఇంటికి పోవాలి. నేను చెప్పదలచిన అసలు మాట ఇదే. గ్రానైటు తడిసినంత మాత్రాన బలం కోల్పోదు, జారుతుంది అంతే. ఇసుకరాయి అట్లా కాదు. తడిస్తే నిజంగానే మెత్తబడి పట్టులు విరుగుతాయి. అందుకే పారిస్ సమీపంలోని ఫాంటెన్‌బ్లో అడవిలోని ఇసుకరాతి గుండ్లను తడిగా ఉన్నప్పుడు ఎక్కరాదనీ, గ్యాసు మంటతో ఆరబెట్టరాదనీ అక్కడి ఆరోహకులు కొత్తవారికి పదేపదే చెబుతారు. మన రాయి వారి రాతికన్న గట్టిది కనుక మనకు ఆ నియమం అక్కరలేదని అనుకొంటాము. గట్టిది అనే నమ్మకంతోనే కదా నేనూ తప్పు చేసింది!

మిత్రులొకరు నా విచారం విని నవ్వారు. "నగరమంతటా కొండలకు కొండలే పేల్చి మేడలు కడుతుంటే, అరచేతి వెడల్పు పెంకు కోసం ఇంత శోకమా?" అన్నారు. ప్రశ్న న్యాయమైనదే. ఈ బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలంటారు భూగర్భశాస్త్రజ్ఞులు. శిలల రక్షణకై 1996లో ఒక సంఘం ఏర్పడింది. హుడా నిబంధన 13 క్రింద తొమ్మిది శిలాసముదాయాలకు వారసత్వ గుర్తింపు లభించింది. వాటిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు రాయి ఒకటి. ఆ నిబంధన 2015లో రద్దయింది. 2025లో అదే విశ్వవిద్యాలయం ప్రక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల భూమిలో యంత్రాలు దిగితే, సుప్రీంకోర్టు జోక్యం చేసుకొనేదాకా ఆగలేదు. ఇంతటి విధ్వంసం ముందు నా పెంకు ఎంత?

కాని నాకు తోచినది వేరు. కొండను పేల్చేవాడు "ఇది నా పనికి అడ్డం" అనుకొంటాడు. ఆదివారం ఉదయం నేనూ అదే అనుకొన్నాను. పరిమాణంలో భేదమే గాని బుద్ధిలో భేదం లేదు. అతనికి లాభం తొందర, మాకు ఆట తొందర. రాతిని ప్రేమిస్తామని చెప్పుకొనేవారు మధ్యాహ్నం దాకా ఆగలేకపోతే, లాభం కోసం వచ్చినవానిని ఏ ముఖంతో ఆగుమంటారు? "ఆలస్యం అమృతం విషం" అని పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. "నిదానమే ప్రధానం" అని కూడా చెప్పాను. ఏది ఎక్కడ వర్తిస్తుందో మాత్రం చెప్పలేదు. బండల దగ్గర రెండవదే చెల్లుతుంది.

ఈ ఆటను మానుమని నా అభిప్రాయం కాదు. 2014 మే 25న, పదమూడేండ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం చేరింది. ఆమె శిలారోహణ నేర్చుకొన్నది మా నల్లగొండ వైపు భువనగిరి బండ మీదనే. బండ ఉన్నది కనుక ఆ బిడ్డకు ఆ దారి దొరికింది. రాబోయే పిల్లలకు కూడా పట్టులు మిగలాలనే నా ఆరాటం.

గత వారం నా పాత పంచెలు నాలుగు చించి, మడతలు పెట్టి ఆ పిల్లలకు ఇచ్చాను. టార్చి తెచ్చిన పిల్లవాడే అందుకొన్నాడు. "పోయిన పట్టు లేకున్నా ఇంకొక దారి దొరికింది సార్, కష్టమే గాని పోవచ్చు" అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజమో, నేను ఎక్కి చూడలేను కదా!

చివరగా ఒక విన్నపం. బౌల్డరింగుకు తెలుగు మాట కావాలి. గుండు, ఎక్కుట కలిపితే ఉత్వసంధి చేత 'గుండెక్కుట' అవుతుంది. వినేవారికి గుండె తోస్తుందేమోనని సందేహం. తోచినా దోషం లేదనుకొంటాను. ఇంతకన్న మంచి మాట తట్టినవారు తెలుపగలరు.