అడ్వాన్సు సాయం కాదు, సంకెల



సెలవులకి హాస్టల్ నుంచి గుండుగొలను వచ్చాం. హైవే మీద బస్సు దిగి కొల్లేరు వైపు వెళ్తే అన్నీ చేపల చెరువులే. గట్ల మీద పాకల్లో కాపలా ఉండేది మన యానాదోళ్ళే. ఇక్కడి చేప ఐసు పెట్టెల్లో కలకత్తా దాకా పోతుంది. మన అమ్మానాన్నలు ఏలూరు ఆసుపత్రికి వెళ్ళాలన్నా చెరువు ఓనరుని అడగాలి. ఎందుకు? అడ్వాన్సు తీసుకున్నారు కాబట్టి.

మాలో ఒకడి నాన్నకి జ్వరమొచ్చి పది రోజులు మంచం దిగలేదు. ఆ పది రోజుల జీతం కోత. మందులకి మళ్ళీ అడ్వాన్సు. ఒళ్ళు తగ్గింది, అప్పు పెరిగింది.

"అవసరానికి ఆదుకున్నాడు, విశ్వాసం ఉండొద్దా?" అంటారు మన పెద్దోళ్ళే. మా ఇంటర్ పుస్తకాలూ ఆ డబ్బుతోనే కొన్నారు. అందుకే ఇన్నాళ్ళూ నోరెత్తలేదు. కానీ అప్పిచ్చినోడు అడగాల్సింది డబ్బుని, మనిషిని కాదు.

1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం వెట్టి అప్పు చెల్లదు. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సింది అప్పిచ్చినోడే. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకున్నా బలవంతపు చాకిరీయేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంటికెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు తీయండి. ఎంత తీసుకున్నారు, నెలకెంత ఇస్తున్నారు, ఎంత కోశారు, అన్నీ రాయండి. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు. ఒక్కళ్ళం వెళ్తే బెదిరిస్తారు. అందరం కలిసి వెళ్దాం.

చదువుకున్నది మన ఇంటి లెక్క మనం రాయడానికి కాకపోతే ఇంకెందుకు?